ట్రంకు పెట్టెలోని భయములు

ఈ సంచికలో కవిత్రయమును గూర్చియు, త్యాగరాజస్వామిని గూర్చియు, మన బళ్లారి రాఘవ నటనమును గూర్చియు వ్రాయుటకు నాకంటె అర్హులు ఉన్నారు. ఆ పని వారిదే. ఇంటి పెద్దల కంటబడకుండ, లెక్కల పుస్తకము నడుమ దాచుకొని మనము చదివిన పుస్తకములు కొన్ని కలవు. వానిని గూర్చి సభలలో ఎవరును ప్రసంగింపరు. వాని సంగతి నాలుగు మాటలు చెప్పుటకు నేను అడిగి తెచ్చుకొన్న అవకాశమిది. పాఠకులు సహింతురుగాక.

గడచిన వేసవిలో మా మనుమడు బెంగుళూరు నుండి సెలవులకు వచ్చియుండెను. వానికి పదియవ ఏడు. రెండవనాటి రాత్రియే, "తాతా, నిజంగా భయం వేసే కథ ఉందా నీ దగ్గర?" అని అడిగెను. వాని ప్రశ్నలో పరిహాసము లేకపోలేదు. అటకమీది ట్రంకు పెట్టె నాకు జ్ఞాపకము వచ్చినది. దింపించితిని. చందమామ సంపుటములు, కొమ్మూరి సాంబశివరావు గారి అపరాధ పరిశోధక నవలలు పది పండ్రెండు, అట్ట ఊడిన 'తులసిదళం' అందులో ఉన్నవి. వానిని వెంటనే పిల్లవాని చేతిలో పెట్టుటకు మనస్సు ఒప్పలేదు. ముప్పది ఎనిమిది ఏండ్లు ఇతరులు వ్రాసిన కాగితములు సరిచూచి సంతకమునకు పంపిన చేతికి, తాను చూడనిదానిని ముందుకు పంపు అలవాటు లేదు. కనుక ముందుగా నేనే సమస్తమును తిరిగి చదివితిని. రెండు నెలలు పట్టినది. ఏది నిలిచినది, ఏది నిలువలేదు, ఏది నన్ను సిగ్గుపడజేసినది అనునదే ఈ వ్యాసము.

మొదట ఒక సంగతి చెప్పక తప్పదు. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి మైసూరు రాష్ట్రములో కలిసినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు పోయినవి. నేను పుట్టునాటికి మా ఊరి బడి కన్నడము, కచేరి కన్నడము. ఇంటిలో మాత్రము తెలుగు. తెలుగు మాటాడుట వచ్చును గాని చదువుట నాకెవరును నేర్పలేదు. మా యింటికి తెలుగు చందమామ వచ్చెడిది. ఎదురింటివారికి కన్నడ చందమామ వచ్చెడిది. కథ అదే, బొమ్మ అదే, పేరు కూడ అదే. రెండు సంచికలను అరుగుమీద పక్కపక్కన పరచి, కన్నడములో చదివిన వాక్యమును తెలుగులో వెదకుకొనుచు అక్షరములు కూడదీసికొంటిని. రెండు లిపులును అక్కచెల్లెండ్రవంటివి గదా! తలకట్టు అలవాటు పడిన పిమ్మట క, త, శ అను మూడక్షరముల దగ్గర మాత్రము కొన్నాళ్లు తడబడితిని. ఎనిమిదవ ఏట నేను మొట్టమొదట స్వయముగా చదివిన తెలుగు వాక్యములో ఒక రాక్షసుడున్నాడు. మీలో ఎందరికో ఇట్టి కథయే ఉండును. ఆంధ్రదేశములో పెరిగినవారికి ఈ పుస్తకములు బడి ఎగవేసి చదివినవి. మనకు అవియే బడి.

ఇక పుస్తకముల సంగతి. పెట్టెలో అడుగున చందమామ ధారావాహికలు ఉన్నవి. వానిని వ్రాసినది దాసరి సుబ్రహ్మణ్యము గారు. ఆయన 1952లో చందమామలో చేరి, 1954లో 'తోకచుక్క'తో ప్రారంభించి, 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' మొదలగువానిని రెండు దశాబ్దములకు పైగా నెలనెల వ్రాసిరి. కథమీద ఆయన పేరు ఉండెడిది కాదు. ఎవరో ఒకరు వ్రాసియుందురను ఆలోచన కూడ మాకు రాలేదు. వర్షము కురిసినట్లు నెల మొదట అది వచ్చెడిది, అంతే. 2010లో ఆయన కీర్తిశేషులైనప్పుడు పత్రికలో చదివి ఆ పేరు తెలిసికొంటిని. అప్పటికి నాకు ఏబది నిండుచున్నవి. వేళకు కచేరికి పోయి, తన పేరు లేని కాగితములను జీవితమంతయు సిద్ధపరచి వచ్చిన మనిషి అనగా నాకు గల ఆత్మీయతను గుమాస్తా ఉద్యోగము చేసినవారు గ్రహింతురు.

వానిని ఇప్పుడు చదివినప్పుడు భయము కలుగలేదు. కలుగునని అనుకొననూ లేదు. కాని చిన్ననాడు కనబడని పనితనము కనబడినది. కథానాయకులు ఇద్దరుందురు: 'రాకాసిలోయ'లో కేశవుడును జయమల్లును, 'శిథిలాలయం'లో శిఖిముఖియు విక్రమకేసరియు, 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మయు జీవదత్తుడును. ఒక్కడే ఉన్నచో వాని ఆలోచనను రచయిత చెప్పవలసి వచ్చును. ఇద్దరున్నప్పుడు వారే మాటాడుకొందురు. బాలుడు ఆ మాటలు వినుచు మూడవవానివలె వెంట నడచును. ఒక ఆపద నుండి వారు తప్పించుకొనుట బలముచేత కాక యుక్తిచేతనే జరుగును. ఆ తప్పించుకొన్న దారియే వారిని తరువాతి ఆపదలోనికి చేర్చును. ఈ గొలుసును ఒక నెల కాదు, ఒక ఏడు కాదు, అంతకాలము తెగకుండ అల్లుట ఎంత కష్టమో, నెలసరి నివేదిక వ్రాసినవాడినైన నాకు కొంత తెలియును.

మరియొకటి. ఆ కథలలో మాంత్రికునికి మంత్రములున్నవి, భయంకరమైన ఆకారమున్నది, శిష్యులున్నారు. అయినను బ్రహ్మదండి వంటి మాంత్రికుడు ధనమునకై కొండలుపట్టి తిరుగును, ఇతరుల సహాయమునకు దేవురించును, కోపగించును, మోసపోవును. అంత శక్తి గలవానికి ఇంత అవసరమేల అను సందేహము బాలునికి తానుగా కలుగును. కలిగిన నాడు మాంత్రికుడు సగము చచ్చినట్లే. దాసరి వారు దేవునిగాని దయ్యమునుగాని నమ్మనివారని ఆయన నెరిగినవారు వ్రాసియున్నారు. 1952 నుండి 1980లో మరణించువరకు ఆ పత్రికను నడపిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘములోని వారు. దయ్యములను నమ్మనివారే మనకు అంత చక్కని దయ్యములను ఇచ్చిరి! నమ్మనివారు గనుకనే వారు దయ్యమును చేతిబొమ్మవలె ఆడింపగలిగిరి. తాము దానికి లొంగలేదు, మమ్ములను లొంగనీయలేదు. రాత్రి 'రాకాసిలోయ' చదివి పెరటిలోనికి ఒంటరిగా పోలేకపోయిన మాట నిజమే. తెల్లవారిన పిమ్మట ఆ భయము ఎవరిమీదను నిలువలేదు. ఈ మాటను పాఠకులు కొంచెము గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ముందు దీనితో పని పడును.

ఆ కథలలో భాషను గూర్చి కూడ చెప్పవలెను. ఏ రచయిత వ్రాసి పంపినను కుటుంబరావు గారి చేతిమీదుగా పోయి అది చందమామ తెలుగు అగును. చిన్న వాక్యము, ఎల్లరకును తెలిసిన మాట, అనవసరమైన విశేషణము లేదు. ఏ జిల్లావాడు చదివినను తనదే అనుకొనును. నేను వ్రాయు ఈ భాషను చూచి నవ్వకుడు. ఇది మా తండ్రిగారు ఉత్తరములు వ్రాసిన భాష. వారి చేవ్రాలుతోపాటు నాకు సంక్రమించినది. మనుమనికి మాత్రము చందమామ తెలుగే రావలెనని నా కోరిక.

దోషములు లేవా? ఉన్నవి. మూడు ధారావాహికలను వరుసగా చదువునప్పటికి, నెలరోజుల విరామము ఎంత దాచినదో తెలిసినది. అవే కొండలు, అవే గుహలు, అదే విధముగా విరిగిపడు వంతెన. స్త్రీలు లేనేలేరనవచ్చును, రాజకుమార్తె ఉన్నచో ఎవరో ఎత్తుకొనిపోవుటకే ఉన్నట్లుండును. మా అక్కగారు ఈ కథలను నాకంటె ముందు చదివెడిది. ఆమె ఎవరివెంట నడచినదో నేనెన్నడు అడుగలేదు. నేను చిన్ననాడు చదివి మనస్సున పదిలపరచుకొంటినని తలచిన వర్ణనలు అనేకము మూలములో లేనేలేవు. అవి 'చిత్ర' అను పేర బొమ్మలు వేసిన టి.వి. రాఘవన్ గారి కుంచెలో నుండి వచ్చినవి. రచయితకు ఇచ్చిన మార్కులలో సగము తీసి ఆయనకు వేయవలసి వచ్చినది.

బేతాళ కథలు వేరొక జాతి. సంస్కృతములోని ఇరువదియైదు కథలు అయిపోయిన తరువాత, అదే చట్రములో చందమామవారు దశాబ్దముల తరబడి కొత్త కథలు చెప్పించిరి. రాజు శవమును భుజమున వేసికొని కత్తి చేతబట్టి నడచు బొమ్మను శంకర్ గారు వేసిరి. ఆ బొమ్మ వేసిన చేయి 2020లో ఆగిపోయినది. ఈ కథలలో భయము నామమాత్రము. అసలు సంగతి చివరి ప్రశ్న. మా యింటిలో మా తండ్రిగారు రాత్రి భోజనములైన పిమ్మట కథ చదివి, ప్రశ్న వద్దకు రాగానే జవాబుమీద అరచేయి మూసిపెట్టెడివారు. అందరును తలకొక జవాబు చెప్పవలెను. మా అమ్మగారు చెప్పెడిది, వంటకు సాయము వచ్చు అవ్వ కూడ చెప్పెడిది. దోషము రాజుదా, మంత్రిదా, దొంగదా అని పెద్ద వాదము జరిగెడిది. ఒక్కొక్కసారి తీర్పు మరునాటికి వాయిదా పడెడిది. చేయి తీసి చూచినప్పుడు విక్రమార్కుని జవాబు కంటె అవ్వ జవాబు మేలని మా తండ్రిగారే ఒప్పుకొన్న సందర్భములు కలవు.

ఈ కథయే 1985లో దూరదర్శనములో హిందీలో వచ్చినది. రామానంద్ సాగర్ గారు నిర్మించిన 'విక్రమ్ ఔర్ బేతాళ్'లో అరుణ్ గోవిల్ విక్రమాదిత్యుడు. సజ్జన్ అను వృద్ధ నటుడు బేతాళుడు. ఆదివారము నాడు వీధికంతకు ఉన్న ఒకటి రెండు పెట్టెల ముందు పిల్లలందరు కూర్చుండెడివారు. మా అక్కగారి పిల్లలకు హిందీ అంతంతమాత్రమే. అయినను తెల్లని జుట్టు విరబోసికొని బేతాళుడు నవ్వి పైకెగిరినప్పుడు చెవులు మూసికొనెడివారు. ఆ పిల్లలిప్పుడు నలుబదులు దాటినవారు. ఆ నవ్వును ఇప్పటికిని అనుకరించి చూపుదురు.

మనుమని ఫోనులో దానిని మరల చూచితిమి. కట్టిన అడవి కట్టినట్లే, ఎగురు బేతాళుని వెనుక తెర కనబడుచునే యున్నది. వాడు నవ్వెను. ఆ నవ్వును నేను తప్పుపట్టను. ఆనాటి పరికరములు అంతే. నాకు తోచిన లోపము వేరు. ప్రశ్న అడిగిన మరుక్షణమే రాజు జవాబు చెప్పివేయును. ఆ తెరమీద ఎవరును అరచేయి మూసిపెట్టలేరు. శంకర్ గారి బొమ్మ కదలదు. కదలదు గనుక మనము దానిముందు ఎంతసేపైనను ఆగవచ్చును. అయినను, చందమామ తెప్పించు స్తోమతు లేని ఇండ్ల పిల్లలకు కూడ ఆదివారము బేతాళుడు దొరికినాడు. ఆ పుణ్యము తక్కువది కాదు.

అపరాధ పరిశోధక నవలలను గూర్చి ఎక్కువ చెప్పబనిలేదు. డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు, మద్రాసు వీధులు, రాత్రి వేళ టెలిఫోను, ఒక శవము. అద్దె పుస్తకముల దుకాణములో దినమునకు పది పైసలు. 'చావు కేక'ను నేను ఒకే రాత్రి, వీధి దీపము క్రింద చదివితిని. నేడు చదివినచో అపరాధి ఎవరో మూడవ వంతుకే తెలిసిపోవుచున్నది. తెలియనిచోట, తెలియుటకు కావలసిన ఆధారమును రచయిత మనకు ఇయ్యలేదని తెలియుచున్నది. ఇంగ్లీషు నవలల అచ్చు అడుగడుగున కనబడును. ధనికుని మేడ, వీలునామా, మారువేషము, వెంటాడు కారు: ఇవి ఉన్నచోట మనుష్యులు ఉండవలసిన అవసరము రచయితకు కనబడలేదు.

అయినను ఒక గుణము గలదు, అది నాబోటివానికి అప్పుడు గొప్ప ఉపకారము చేసినది. వానిలో జనులు మాటాడుదురు. పుటలకు పుటలు సంభాషణయే. మా ఇంటి తెలుగులో సగము కన్నడము కలిసియుండెడిది; గుంటూరు నుండి వచ్చిన చుట్టము నవ్వెడిది. పట్టణవాసపు తెలుగువారు ఫోనులో ఎట్లు మాటాడుదురు, పోలీసు అధికారితో ఎట్లు, నౌకరుతో ఎట్లు, అనునది నాకు ఆ పది పైసల పుస్తకములు నేర్పినవి. ఉద్యోగములో చేరిన పిమ్మట మొదటిసారి మద్రాసు పోయినప్పుడు, మౌంటు రోడ్డులో నిలిచి, యుగంధర్ కారు ఏ దిక్కునుండి వచ్చునా అని కొంతసేపు నిజముగా చూచితిని. మా తండ్రిగారు మాత్రము ఆ పుస్తకమును ఒకసారి పొయ్యిలో వేసిరి. దాని వెల నేను దుకాణమునకు మూడు నెలలు వాయిదాలలో కట్టితిని. ఆ గ్రంథదహనము నాకు సాహిత్యముమీద గౌరవమును పెంచినదే గాని తగ్గింపలేదు.

ఇక చివరి పుస్తకము. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' 1980ల ఆరంభమున ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చినది. గుంతకల్లు నుండి వచ్చు రైలులో పత్రిక వచ్చెడిది. స్టేషనులో నిలిచి ఎదురు చూచినవారిలో నేనొకడను. తులసి అను చిన్నపిల్లమీద ఆస్తి కొరకు చేతబడి జరుగును. దినములు లెక్కబెట్టుచు మృత్యువు దగ్గరకు వచ్చును. ఒకవైపు వైద్యులు, మరియొకవైపు మంత్రమును మంత్రముతో ఎదుర్కొనువారు. మా వీధిలో తెలుగు మాటాడు ఇండ్లు పదునాలుగు. చదువ నేర్చినవారు తక్కువ. కనుక ప్రతివారము సాయంకాలము మా అరుగుమీద నేను బిగ్గరగా చదివెడివాడను. స్త్రీలు, పిల్లలు, కూరగాయల బండివాడు కూడ వినెడివారు. నేను చక్కగా చదువుదునని పేరు వచ్చినది. గొంతు తగ్గించుట, ఆగుట, ఒక్కమారుగా హెచ్చించుట నేర్చుకొంటిని. నాకు ఇరువది రెండేండ్లు. ఆ పేరు నాకు తీపిగా నుండెను.

ఆ రోజులలోనే మా వీధిలో ఒక పసిబిడ్డకు జ్వరము వచ్చి తగ్గలేదు. ఒకనాటి ఉదయము వారి గడపవద్ద కుంకుమ అంటిన నిమ్మకాయ కనబడినది. ఎవరో దిష్టి తీసి పారవేసినది కావచ్చును. వీధి చివర ఒంటరిగా నుండు ఒక ముసలామె పేరు ఎవరి నోటనో వచ్చినది. ఆమె భర్త పోయి చాలకాలమైనది, పిల్లలు లేరు, తెల్లవారకమునుపే లేచి ఏవేవో ఆకులు కోసికొనుచుండెడిది. కీళ్లనొప్పులకు పసరు చేసికొనుట కొరకని తరువాత తెలిసినది. ఆమెకు నీళ్లు తెచ్చి ఇచ్చు పిల్లలను తల్లులు పోనీయలేదు. ఎవరును ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. వీధికి వీధియే పక్కకు తొలగినది. నేను కూడ రెండుసార్లు ఆమె ఎదురుపడినప్పుడు అవతలి పక్కకు దాటితిని. బిడ్డకు వచ్చినది టైఫాయిడు అని డాక్టరు తేల్చెను, మందులతో కోలుకొన్నది. కాని ముసలామె ఇంటికి పిల్లలు మరల పోలేదు. ఒక సంవత్సరము గడువకముందే ఆమెను ఎవరో దూరపు బంధువులు తీసికొనిపోయిరి.

ఇందులో నవల పాలు ఎంత, మా పాలు ఎంత? నలుబది ఏండ్లుగా ఈ లెక్క నాకు తేలలేదు. ఆ నవల రాకముందును చేతబడిని నమ్మినవారు మా వీధిలో ఉన్నారు. కాని నమ్మకము నిద్రపోవుచుండెను. దానిని గొంతెత్తి లేపినవాడను నేను. అందుచేతనే ఈ పుస్తకమును మిగిలినవానికంటె ఎక్కువ శ్రద్ధతో, కాగితము పెన్సిలు దగ్గర పెట్టుకొని, తిరిగి చదివితిని.

చదువుట ఆరంభించిన తరువాత క్రింద పెట్టలేకపోయితిని. ఈ మాట చెప్పకున్నచో నేను అబద్ధీకుడనగుదును. కథను ఎక్కడ తెంచవలెనో, ఎవరిని ఎప్పుడు రప్పింపవలెనో, తండ్రి మనస్సులోని నలుగుబాటును ఎంతసేపు చూపవలెనో, ఆయనకు తెలిసినట్లు తెలుగులో తెలిసినవారు అరుదు. ఈ నవల కన్నడములో 1985లో 'తులసీదళ' అను చలనచిత్రమై మా ఊరిలోను ఆడినది. భాష మారినను ఆ భయము చెక్కుచెదరలేదు. పిల్లలు, యువకులు తెలుగు పుస్తకము కొరకు వరుసలో నిలుచుట నేను చూచినది ఆ రచయిత కాలముననే. దానిని తక్కువచేయుట నాకు తగదు.

కాని దాని నేర్పే దాని దోషమునకు మూలము. ఆ కథలో ప్రతి సంఘటనకును రెండు వివరణలు సిద్ధముగా నుండును: వైద్యుని వివరణ ఒకటి, మాంత్రికుని వివరణ ఒకటి. రచయిత రెండింటిని త్రాసులో పెట్టి ముల్లును నడుమ నిలిపియుంచెను. చదువుకొన్నవాడు తనకు కావలసినదానిని తీసికొని, నేను మూఢుడను కానని తృప్తి పడవచ్చును. కాని మా అరుగుమీద కూర్చుండి విన్నవారు ఆ త్రాసును చూడలేదు. వారికి వినబడినది నా గొంతు, కనబడినది పసిపిల్ల బాధ. బాధపడునది బిడ్డయైనప్పుడు ఏ తల్లి ముల్లు ఎటు మొగ్గినదో చూచును? ఇందాక గుర్తుంచుకొనుమన్న మాట ఇక్కడికి పనికివచ్చును. దాసరి వారి మాంత్రికుడు ఎవరిని పోలియుండడు. అతడు కొండగుహలో మాత్రమే ఉండును. 'తులసిదళం'లోని కీడు మన వంటి ఇంటిలోనికి వచ్చును, మనకు తెలిసినవారి అసూయనుండి వచ్చును. పుస్తకము మూసిన తరువాత దానిని అంటగట్టుటకు వీధిలో ఒక మొగము కావలసి వచ్చును. ఒంటరి ముసలివారి మొగముకంటె సులభముగా దొరకునది ఏమున్నది?

అడవివారి సంగతియు అంతే. 'శిథిలాలయం'లో శిఖిముఖి శబర పల్లె బిడ్డ, కథానాయకుడే అడవివాడు. రాజకుమారుడు వాని స్నేహితుడు. 'తులసిదళం'లో పట్టణమునకు మృత్యువు అడవి పల్లెనుండి వచ్చును. పిల్లల పత్రికలోని కథకు తోచిన మర్యాద పెద్దల నవలకు తోచకపోవుట చిత్రము. కర్ణాటక శాసనసభ 2017లో వామాచారముల నిషేధమునకు చట్టము చేయవలసి వచ్చినది. అది 2020 నుండి అమలులో నున్నది. నవలవలన చట్టము వచ్చినదని నా భావము కాదు. మా వీధిలో జరిగినది మా వీధిలోనే జరుగలేదని మాత్రము దానివలన తెలిసినది.

నవలలను నిషేధింపవలెనని గాని, పొయ్యిలో వేయవలెనని గాని నేను చెప్పుట లేదు. ఆ ప్రయోగము నామీద జరిగియున్నది, ఫలితము ముందే విన్నవించితిని. భయము పిల్లలకు కావలెను. భయము లేని కథను పిల్లవాడు అడుగడు. ఏ భయము తెల్లవారునాటికి అరిగిపోవునో, ఏది అరుగక మరియొకరి గడపవద్ద పడియుండునో, దానిని చూచుకొనవలసినవాడు చదివి వినిపించువాడు. ఆనాడు ఆ పని నాది. నేను చేయలేదు.

చందమామ 1998లో ఆగి, 1999 డిసెంబరులో తిరిగి వెలువడి, 2007లో చేతులు మారి, 2013 నాటికి పూర్తిగా నిలిచిపోయినది. ఇప్పుడు అరుగుమీద పక్కపక్కన పరచుకొనుటకు రెండు చందమామలు లేవు. దాసరి వారి ధారావాహికలు పుస్తకములుగా వచ్చినవి. పాత సంచికలు కంప్యూటరులో చూచుకొనువారు ఉన్నారు. ఉన్న సంపుటములతోనే పని గడుపుకొంటిని.

మనుమనికి 'రాకాసిలోయ' ఇచ్చితిని. వానికి కన్నడము బడిలో వచ్చును గనుక, తెలుగు అక్షరములను నేను కూడదీసికొన్న త్రోవనే వాడును కూడదీసికొనుచున్నాడు. తకారము వద్ద వాడును తడబడుచున్నాడు. దినమునకు అర పుట. భయము వేయలేదని వాని ఫిర్యాదు. అయినను తెలుగు ప్రాణము తీయుచున్నదని చెప్పి పుస్తకమును మూసివేసినవాడు, పది నిమిషములకు వచ్చి, "తర్వాత ఏమైంది తాతా?" అని అడుగుచున్నాడు. నేను చెప్పుట లేదు. రాత్రివేళ బేతాళ కథ మాత్రము నేనే చదివి వినిపించి, ప్రశ్న రాగానే జవాబుమీద చేయి పెట్టుచున్నాను. వాడు నా వ్రేళ్లను ఒక్కొక్కటిగా ఎత్తుటకు ప్రయత్నించును. కోడలు వంటగది నుండి తన జవాబు కన్నడములో చెప్పును.

యుగంధర్ పుస్తకములు రెండేండ్ల తరువాత ఇత్తును. 'తులసిదళం' పెట్టెలోనే ఉన్నది. వాడు పదునారేండ్ల వాడైన నాడు ఇయ్యవచ్చుననుకొనుచున్నాను. ఇచ్చుటకు ముందు ముసలామె సంగతి చెప్పవలెను. ఆమె పేరు నాకు జ్ఞాపకమున్నది.